కుడి పెడల్ తొక్కితే ఎడమకు తిరిగింది

1992 డిసెంబరులో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఒక విమాన ప్రమాదం మీద తుది నివేదిక ఇచ్చింది. ఎన్‌టీఎస్‌బీ అని అందరూ పిలిచే ఈ సంస్థ పనే ప్రమాదాలకు కారణం కనిపెట్టడం. ఇరవై ఒక్క నెలలు వెతికింది. కానీ కారణం రాయాల్సిన చోట, కచ్చితంగా చెప్పగలిగే ఆధారం దొరకలేదని రాసింది. ఆ సంస్థ పుట్టినప్పటి నుంచి అలా ఒప్పుకోవడం అది నాలుగోసారి మాత్రమే.

ఆ విమానం యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 585, బోయింగ్ 737-200. 1991 మార్చి 3, ఆదివారం ఉదయం డెన్వర్ నుంచి బయలుదేరి, దగ్గర్లోనే ఉన్న కొలరాడో స్ప్రింగ్స్‌లో దిగబోతోంది. మబ్బుల బెడద లేదు గానీ గాలి మాత్రం విపరీతంగా వీస్తోంది. రన్‌వేకి ఎదురుగా తిరిగి, నేలకు దాదాపు వెయ్యి అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు విమానం ఉన్నట్టుండి కుడివైపు ఒరిగింది. ఒరుగుతూనే ముక్కు కిందికి వాల్చి, ఇంచుమించు నిట్టనిలువుగా వచ్చి ఒక పార్కులో పడింది. ఒరగడం మొదలైనప్పటి నుంచి నేలను తాకేదాకా పది సెకన్లు కూడా పట్టలేదు. లోపలున్న 25 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

దర్యాప్తు చేసినవాళ్లకు రెండు అనుమానాలు మిగిలాయి. ఒకటి గాలి. కొలరాడో స్ప్రింగ్స్ రాకీ పర్వతాల పాదాల దగ్గర ఉంటుంది. బలమైన గాలి కొండల మీదుగా దూకినప్పుడు అవతలి పక్క పెద్ద పెద్ద సుడులు తిరుగుతుంది. అలాంటి సుడి ఒకటి నేరుగా విమానానికి తగిలి ఉండొచ్చు. రెండోది రడ్డర్, అంటే తోక మీద నిలువుగా ఉండే రెక్కకు వెనకంచున అటూఇటూ తిరిగే పలక. పడవకు చుక్కాని ఎక్కడుంటుందో విమానానికి ఇది అక్కడే ఉంటుంది. ప్రమాదానికి ముందు వారంలో ఈ విమానంలోనే రడ్డర్ తనంతట తాను కదిలిందని పైలట్లు రెండుసార్లు ఫిర్యాదు రాశారు. రెండుసార్లూ మెకానిక్‌లు ఏదో ఒక భాగం మార్చి పంపారు.

ఇంత సూచన ఉండి కూడా ఎందుకు తేల్చలేకపోయారు? రడ్డర్‌ను నడిపే యంత్రం మంటల్లో దెబ్బతింది. బ్లాక్ బాక్స్ పాతకాలపుది. ఎత్తు, వేగం, ముక్కు ఏ దిక్కుకు ఉంది, కుదుపు ఎంత, రేడియో బటన్ ఎప్పుడు నొక్కారు, ఈ ఐదు సంగతులే అందులో నమోదవుతాయి. విమానం ఎంత ఒరిగిందో కూడా తెలీదు. రడ్డర్ ఎటు తిరిగిందన్నది అసలే లేదు. ఆ ఐదు గీతలకు గాలి కథా సరిపోతుంది, రడ్డర్ కథా సరిపోతుంది. రెండూ సరిపోతున్నప్పుడు ఒకదాన్ని ఎంచుకుని రాసేయడం పెద్ద కష్టం కాదు. మన దగ్గరైతే విమానం కూలిన సాయంత్రానికల్లా టీవీలు ఆ పని చేసేస్తాయి. ఎన్‌టీఎస్‌బీ రెండు అవకాశాలనూ రాసి, ఏదన్నది చెప్పలేమంది. ఆ నివేదికను అప్పట్లో వైఫల్యంగా చూశారు. నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత ఉపయోగపడిన కాగితం అదేననిపిస్తుంది. గాలి అని తేల్చేసి ఉంటే రెండో ప్రమాదం జరిగినప్పుడు ఈ ఫైలు మళ్లీ ఎవరూ తెరిచేవారు కాదు.

రెండోది 1994 సెప్టెంబరు 8న జరిగింది. యూఎస్‌ఎయిర్ 427, బోయింగ్ 737-300. షికాగో నుంచి పిట్స్‌బర్గ్ వస్తోంది. సాయంత్రం ఏడు గంటలు, వాతావరణం ప్రశాంతం. ఈసారి నింద మోపడానికి కొండలూ లేవు, ఈదురుగాలీ లేదు. విమానం 6,000 అడుగుల ఎత్తులో, 190 నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 350 కిలోమీటర్లతో, దిగడానికి వరుసలో వస్తోంది. కాక్‌పిట్‌లో పైలట్లు మామూలుగా మాట్లాడుకుంటూ, కంట్రోలర్ చెప్పిన మరో చిన్న విమానం ఎక్కడుందా అని బయటికి చూస్తున్నారు. అంతలో ఒక కుదుపు, వెంటనే దబ్ దబ్ అని చప్పుళ్లు. విమానం ఎడమకు ఒరిగింది, కాస్త సర్దుకున్నట్టే సర్దుకుని మళ్లీ ఎడమకే ఒరిగింది. ఇదేంటిది అని కెప్టెన్ అరవడం రికార్డయింది. సుమారు 28 సెకన్లలో అంతా అయిపోయింది. అలిక్విప్పా ఊరి దగ్గర అడవి గుట్ట మీద, గంటకు దాదాపు 480 కిలోమీటర్ల వేగంతో, ముక్కు నేలకు పెట్టి పడింది. 132 మంది చనిపోయారు.

శిథిలాల సంగతి వివరంగా చెప్పడం అనవసరం. శరీరాలు ఏ స్థితిలో ఉన్నాయంటే ఆ ప్రదేశాన్ని జీవ ప్రమాద స్థలంగా ప్రకటించి, పనిచేసేవాళ్లంతా ఎండలో ప్లాస్టిక్ సూట్లు తొడుక్కుని వెతకాల్సి వచ్చింది. మొదట్లో బాంబు అనుమానం వచ్చింది. ఒక మాదకద్రవ్యాల కేసులో సాక్షి ఆ విమానంలో ఉండడం దానికి కారణం. పేలుడు జాడ కనబడలేదు. పక్షులు తగిలాయేమో అనుకున్నారు, అదీ కాదు. మూడేళ్ల ముందు థాయిలాండ్ మీద లౌడా ఎయిర్ విమానం ఒకటి, నేల మీద దిగాక వేగం తగ్గించడానికి వాడే ఇంజన్ థ్రస్ట్ రివర్సర్ గాల్లోనే తెరుచుకుని కూలిపోయింది. ఇక్కడా అదే జరిగిందా అని చూశారు. కాదని తేలింది. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోగా నెలల తర్వాత మళ్లీ అదే రడ్డర్ దగ్గరికి వచ్చి ఆగారు.

ఆ కుదుపు మాత్రం ఏమిటో తెలిసింది. 427కు ముందు, దాదాపు ఏడున్నర కిలోమీటర్ల దూరంలో డెల్టా సంస్థ బోయింగ్ 727 ఒకటి దిగుతోంది. ఎగిరే ప్రతి విమానమూ రెక్కల కొసల నుంచి రెండు సుడిగాలుల్ని వెనక వదిలిపోతుంది. అవి కొన్ని నిమిషాలు గాల్లోనే నిలిచి, నెమ్మదిగా కిందికి దిగుతాయి. 427 వాటిలోకి వెళ్లింది. దీన్ని రుజువు చేయడానికి 1995లో అట్లాంటిక్ సిటీ దగ్గర నిజం విమానాలతోనే పరీక్ష పెట్టారు. ఒక 727 రెక్కల చివర పొగ వదిలే యంత్రాలు కట్టి, ఆ పొగ సుడుల్లోకి 737ను మళ్లీ మళ్లీ పోనిచ్చారు. రికార్డర్‌లో వినబడ్డ ఆ దబ్ దబ్ చప్పుళ్లు అచ్చంగా అక్కడా వినబడ్డాయి. విమానం మధ్యభాగం సుడి నడిబొడ్డును కోసుకుంటూ వెళ్లినప్పుడు వచ్చే చప్పుడు అది. కానీ ఆ సుడి 737ను కూల్చేంతటిది కాదు. పైలట్లు దాన్ని సులువుగా సరిదిద్దుకోగలిగారు. కాబట్టి సుడిగాలి తర్వాత ఇంకేదో జరిగింది.

ఈసారి బ్లాక్ బాక్స్ కాస్త మెరుగు, కానీ రడ్డర్ స్థానం ఇందులోనూ లేదు. దర్యాప్తు బృందం లెక్కను వెనక నుంచి కట్టింది. విమానం ముక్కు ఏ క్షణాన ఎంత తిరిగిందో ఉంది కదా, అలా తిరగాలంటే రడ్డర్ ఎక్కడుండాలి? కంప్యూటర్ నమూనాలతో లెక్కిస్తే సమాధానం ఒక్కటే వచ్చింది. సుడి తగిలిన కాసేపటికి రడ్డర్ ఎడమవైపు, గాలి ఒత్తిడి తట్టుకుని ఎంతవరకు వెళ్లగలదో అంతవరకు వెళ్లింది. వెళ్లి అక్కడే ఉండిపోయింది.

రడ్డర్ ఎడమకు తిరిగితే ముక్కు ఎడమకు తిరుగుతుంది. ముక్కు తిరిగేటప్పుడు కుడి రెక్క ముందుకు ఊగి, దానికి గాలి ఎత్తుడు పెరుగుతుంది. ఎడమ రెక్కకు తగ్గుతుంది. దాంతో విమానం ఎడమకు దొర్లుతుంది. అలా దొర్లుతున్నప్పుడు ఏ పైలట్ అయినా కుడి పెడల్ తొక్కాలి. మరి రడ్డర్ ఎడమకెందుకు వెళ్లింది? ఇక్కడి నుంచి అసలు తగాదా మొదలైంది.

బోయింగ్ వాదన ఇది. సుడి తగలగానే పైలట్ ఉలిక్కిపడి పొరపాటున ఎడమ పెడల్ తొక్కాడు. టెన్షన్‌లో దాన్ని అలాగే తొక్కిపట్టాడు. యంత్రంలో లోపం ఉంటే దానికి ఆనవాలు ఉండాలి, లేదు. యూఎస్‌ఎయిర్, పైలట్ల సంఘం ఒప్పుకోలేదు. వేల గంటలు నడిపినవాళ్లు, అంతసేపు, తప్పు పెడల్ మీద కాలు పెట్టి ఉండిపోతారా అని వాళ్ల ప్రశ్న. ఇవి బయట నుంచి వచ్చిన అభిప్రాయాలు కావు. అమెరికాలో విమానం తయారుచేసిన సంస్థ, నడిపిన సంస్థ, పైలట్ల సంఘం ముగ్గురూ దర్యాప్తులో భాగస్వాములుగా కూర్చుంటారు. ఈ పద్ధతి మీద విమర్శలు చాలానే ఉన్నాయి, వాటిలో న్యాయమూ ఉంది. అయితే రడ్డర్‌ను నడిపే యంత్రంలోని వాల్వును బోయింగ్ ఇంజనీర్ల కన్నా బాగా తెలిసినవాళ్లు ప్రపంచంలో లేరు. వాళ్లను బయట నిలబెట్టి ఉంటే ఈ కథ ముగిసిన తీరులో ముగిసేది కాదని ముందుముందు తెలుస్తుంది.

ఆ వాల్వు గురించి కొంచెం ఓపికగా చెప్పుకోవాలి. జెట్ విమానం రడ్డర్‌ను గాలికి ఎదురు తిప్పాలంటే మనిషి కాలి బలం చాలదు. కారులో పవర్ స్టీరింగ్ చేసే పనినే ఇక్కడ హైడ్రాలిక్ యంత్రం చేస్తుంది. పైలట్ పెడల్ తొక్కితే తీగల ద్వారా ఆ కదలిక తోకలో ఉన్న యంత్రానికి చేరుతుంది. అందులోని చిన్న వాల్వు, ఒత్తిడితో ఉన్న నూనెను పిస్టన్‌కు ఏ పక్కకు పంపాలో నిర్ణయిస్తుంది. పిస్టన్ రడ్డర్‌ను నెడుతుంది. బోయింగ్ 727కు రడ్డర్ రెండు పలకలుగా ఉంటుంది, 747కూ అంతే. ఒకటి మొండికేస్తే రెండోది ఉంటుంది. 737కు మాత్రం ఒకే పలక, దాన్ని నడిపే ముఖ్య యంత్రమూ ఒకటే. 1960ల్లో, చిన్న విమానం కదా అని అలా చేశారు. ఆ ఒంటరితనానికి విరుగుడుగా వాల్వును జంటగా పెట్టారు. లోపల పెన్సిల్ లావున ఒక కడ్డీ, దాని చుట్టూ గొట్టం లాంటి రెండో కడ్డీ, ఆ రెండింటి చుట్టూ తొడుగు. మామూలుగా లోపలి కడ్డీ జరుగుతుంది. వేగంగా తిప్పాల్సి వస్తే బయటిది కూడా జరిగి ఇంకొంత నూనె పంపుతుంది. ఒకటి ఇరుక్కున్నా రెండోది దాన్ని రద్దు చేయగలదు. కాగితం మీద చక్కటి ఆలోచన. వీటి మధ్య సందు కంటికి కనబడనంత సన్నం.

అసలు ఈ వాల్వు మీద అనుమానం 427 కన్నా ముందే పుట్టింది. 1992 జులైలో, షికాగో విమానాశ్రయంలో యునైటెడ్‌కు చెందిన ఒక 737 నేల మీద ఉండగా కెప్టెన్ మామూలు తనిఖీగా పెడల్స్ తొక్కి చూశాడు. ఒక పెడల్ మధ్యలో ఆగిపోయింది. విమానాన్ని వెనక్కి తెచ్చి యంత్రం విప్పి పరీక్షిస్తే, లోపలి భాగాలు అవసరానికి మించి జరిగితే నూనె తప్పు దారిలో పోయే వీలుందని బయటపడింది. అప్పటికే తిరుగుతున్న విమానాల్లో వాల్వులు తనిఖీ చేసి మార్చాలని 1994లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశించింది. కానీ అందుకు ఏళ్ల గడువు ఇచ్చింది. ఆ గడువు నడుస్తుండగానే 427 కూలింది. ఆ విమానంలో ఉన్న వాల్వుకు మాత్రం షికాగోలో దొరికిన ఆ లోపం లేదని పరీక్షల్లో తేలింది. కేసు మళ్లీ మొదటికొచ్చింది.

దాన్ని కదిలించింది కూలని విమానం. 1996 జూన్ 9 రాత్రి ఈస్ట్‌విండ్ అనే చిన్న సంస్థకు చెందిన 737-200 ఒకటి, ట్రెంటన్ నుంచి వర్జీనియాలోని రిచ్‌మండ్‌కు దిగుతోంది. ఎత్తు 4,000 అడుగులు. 53 మంది ఉన్నారు. ఉన్నట్టుండి కుడికి లాగేసింది. కెప్టెన్ ఎడమ పెడల్ తొక్కాడు, అది గట్టిగా ఉంది, కదలాల్సినంత కదల్లేదు. కంట్రోల్ వీల్‌ను పూర్తిగా అవతలికి తిప్పి, ఒక పక్క ఇంజన్ శక్తి పెంచి ఎలాగో నిలబెట్టాడు. కాసేపటికి దానంతట అదే వదిలేసింది. మళ్లీ పట్టింది. మళ్లీ వదిలింది. చివరికి క్షేమంగా దించాడు. ఎన్‌టీఎస్‌బీకి ఇంతవరకు లేనిది ఇప్పుడు చేతికొచ్చింది: చెక్కుచెదరని విమానం, మాట్లాడే పైలట్.

427 ఎందుకు పోయింది, ఈస్ట్‌విండ్ ఎందుకు బతికింది అన్న ప్రశ్నకు సమాధానం వేగంలో ఉంది. నా దృష్టిలో ఈ కేసులో ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇది. రడ్డర్ విమానాన్ని ఒక పక్కకు దొర్లిస్తుంటే, దాన్ని ఆపడానికి పైలట్ చేతిలో మిగిలేవి రెక్కల మీద ఉండే కదిలే పలకలు, అంటే ఐలరాన్లు, స్పాయిలర్లు. వేగం ఎక్కువగా ఉంటే ఇవి రడ్డర్‌ను గెలుస్తాయి. వేగం తగ్గేకొద్దీ వీటి బలం రడ్డర్ బలం కన్నా తొందరగా పడిపోతుంది. ఒక వేగం దగ్గర రెండూ సమానమవుతాయి. అంతకన్నా కిందికి వస్తే కంట్రోల్ వీల్‌ను చివరిదాకా తిప్పినా విమానం దొర్లుతూనే ఉంటుంది. 737-300కు, ఆ సాయంత్రం ఫ్లాప్స్, అంటే దిగేటప్పుడు రెక్కల వెనక దించే పలకలు, ఉన్న స్థితిలో, ఆ హద్దు సుమారు 187 నాట్లు. 427 వేగం 190. ఈస్ట్‌విండ్ 250 నాట్ల దగ్గర ఉంది.

ఇంకో మెలిక కూడా ఉంది. ముక్కు కిందికి వాలుతుంటే పైలట్ ఏం చేస్తాడు? కంట్రోల్‌ను తన వైపు లాగుతాడు. అలా లాగినప్పుడు రెక్కల మీద భారం పెరుగుతుంది, భారం పెరిగితే ఆ హద్దు వేగం కూడా పైకి జరుగుతుంది. అంటే ముక్కు ఎత్తడానికి చేసే ప్రయత్నమే దొర్లుడును ఆపలేకుండా చేస్తుంది. బతకాలంటే ముందు ముక్కును ఇంకా కిందికి వదిలి వేగం పెంచుకోవాలి, తర్వాత దొర్లుడు ఆపాలి, ఆ తర్వాతే ముక్కు ఎత్తాలి. నేల కళ్ల ముందు తిరుగుతూ మీదికి వస్తుంటే ఈ వరస ఎవరికి తోస్తుంది? పైగా ఇలాంటి హద్దు వేగం ఒకటి ఉందన్న సంగతే రోజూ ప్రయాణికుల విమానాలు నడిపే పైలట్లకు ఎవరూ నేర్పలేదు. 427 పైలట్లు శిక్షణలో నేర్చుకున్నదే చేశారు.

1996 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఒక చిన్న హైడ్రాలిక్ సంస్థ షెడ్డులో 427 తోకలోంచి తీసిన అసలు వాల్వు యంత్రాన్నే పరీక్షకు పెట్టారు. దాన్ని సున్నాకు 40 డిగ్రీలు కిందికి చల్లబరిచి, ఒక్కసారిగా వేడి నూనె లోపలికి పంపారు. లోపలి కడ్డీలు వేడికి ముందు వ్యాకోచిస్తాయి, తొడుగు ఇంకా చల్లగా బిగుసుకునే ఉంటుంది. ఇరుక్కుంది. కాసేపటికి వేడి సర్దుకుని వదిలేసింది. అదే పరీక్ష ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త యంత్రానికి పెడితే ఇరుక్కోలేదు. 427 వాల్వులో కడ్డీలకు, తొడుగుకు మధ్య సందు దానికన్నా తక్కువ. తర్వాత వాల్వును విప్పి భూతద్దాల కింద చూస్తే ఇరుక్కున్నట్టు ఒక్క గీత కూడా లేదు. ఆనవాలు లేదు కాబట్టి లోపం లేదన్న బోయింగ్ వాదన కాళ్లు అక్కడ విరిగాయి. అంతకుముందు నూనెలో ఇనుప రవ్వలు వేసి చూస్తే వాల్వు వాటిని కోసిపారేసేది గానీ గీతలు పడేవి. వేడి, చలి తేడాతో ఇరుక్కుంటే గీత కూడా పడదని అప్పుడే తెలిసింది.

ఇరుక్కోవడం సరే, రడ్డర్ ఎదురుదిక్కుకు తిరగడం ఎలా? ఆ పరీక్షలో నమోదైన గీతల్ని కొన్ని వారాల తర్వాత ఒక బోయింగ్ ఇంజనీరే తన బల్ల దగ్గర కూర్చుని మళ్లీ చూశాడు. ఒక చోట నూనె వెళ్లాల్సిన దిక్కుకు వెళ్లకుండా ఎదురుదిక్కుకు వెళ్లినట్టు ఉంది. పై అధికారులకు చెప్పాడు. బోయింగ్ సొంతంగా పరీక్షించి చూసింది. నిజమే. బయటి కడ్డీ తొడుగుకు అతుక్కుపోయి, సరిగ్గా ఆ క్షణంలో పైలట్ బలంగా, వేగంగా తొక్కితే, ఆ బలానికి మధ్యలోని లింకులు కాస్త వంగి, లోపలి కడ్డీ తాను ఆగాల్సిన చోటు దాటి ముందుకు పోతుంది. అక్కడ అది తెరవకూడని దారి తెరుస్తుంది. నూనె పిస్టన్‌కు ఎదురుపక్క చేరుతుంది. కుడి పెడల్ తొక్కితే రడ్డర్ ఎడమకు వెళ్తుంది. ఇంకా గట్టిగా తొక్కితే ఇంకా అక్కడే ఉంటుంది. కాలు తీసేస్తే సర్దుకునే అవకాశం ఉంది, కానీ కాలు తీయాలని ఎవరికీ తోచదు.

ఆ సంగతి కనిపెట్టిన మనిషి దాన్ని చెప్పకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం. బోయింగ్ ఆ నవంబరులో ఎఫ్‌ఏఏకు తెలియజేసింది, వాల్వును మార్చే పని మొదలుపెట్టింది. 427 పైలట్ల విషయంలో మాత్రం తన వాదన వదులుకోలేదు.

నిజంగా వాళ్లు ఏ పెడల్ తొక్కారు? దానికి ఎన్‌టీఎస్‌బీ వెతికిన దారి నాకు చాలా నచ్చింది. కాక్‌పిట్ రికార్డర్‌లో మాటలే కాదు, ఊపిరి చప్పుళ్లు కూడా ఉన్నాయి. అలాంటి శబ్దాలను విశ్లేషించే నిపుణుల్ని పిలిపించి వాటిని వినిపించారు. విమానం నడుపుతున్న కో-పైలట్, దొర్లుడు మొదలైన తొలి క్షణాల్లో మూలిగాడు. బరువైనది ఎత్తేటప్పుడు, కదలనిదాన్ని బలంగా నెట్టేటప్పుడు మనిషి గొంతు నుంచి అప్రయత్నంగా వచ్చే శబ్దం అది. మామూలుగా పనిచేసే పెడల్‌ను తప్పుగా తొక్కేవాడికి అంత బలం పెట్టాల్సిన పని లేదు; అది మెత్తగానే కదులుతుంది. ఎదురు నెడుతున్న పెడల్ మీద పోరాడేవాడే అలా మూలుగుతాడు. ఈస్ట్‌విండ్ కెప్టెన్ చెప్పింది కూడా అదే కదా, పెడల్ గట్టిగా ఉందని. కోర్టులో ఇది ఒక్కటీ నిలబడదు. మిగతావాటి పక్కన పెడితే బరువుంది.

1999 మార్చి 24న, నాలుగున్నరేళ్ల తర్వాత, ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. వాల్వు బయటి కడ్డీ ఇరుక్కుని, లోపలిది హద్దు దాటి, పైలట్ తొక్కిన దిక్కుకు ఎదురుగా రడ్డర్ తిరగడం 427 కూలడానికి కారణం, ఇదే జరిగి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉంది అని రాసింది. అప్పటివరకు ఆ సంస్థ చేసిన దర్యాప్తుల్లో అదే అతి పొడవైనది. ఆ ‘ఎక్కువ అవకాశం’ అనే మాట మీద విమర్శలు వచ్చాయి. పరీక్షలో పెట్టినంత చలి, వేడి నిజంగా గాల్లో ఎదురయ్యాయని ఎవరూ చూపలేదన్నది నిజం. ఆ సాయంత్రం వాల్వు ఇరుక్కోవడానికి అసలు కారణం ఏమిటన్నది ఈరోజుకీ తెలీదు. ఎన్‌టీఎస్‌బీ దగ్గర ఉన్నది వేరే రకం బలం. మూడు విమానాలు, మూడు వేర్వేరు రోజులు, వేర్వేరు గాలులు. మూడింటి గీతలకూ ఒకే వివరణ అతికినట్టు సరిపోయింది. పైలట్ పొరపాటు అనాలంటే ముగ్గురు పైలట్లూ ఒకే అరుదైన పొరపాటు చేశారనాలి, పైగా అందులో ఒకరు బతికి ఉండి కాదంటున్నారు. 2001లో పాత 585 ఫైలు తెరిచి, కారణం తెలియదన్న వాక్యం తీసేసి, దాని స్థానంలో రడ్డర్ ఎదురుతిరగడమే అని రాశారు. అప్పటికి పదేళ్లు.

మరమ్మతు కూడా ఒక్కరోజులో అయింది కాదు. మొదట వాల్వు మార్చారు. ఒక్క వాల్వు మారిస్తే చాలదు, ఒకటి మొండికేసినా రెండోది కాపాడేలా మొత్తం ఏర్పాటే మారాలని ఎన్‌టీఎస్‌బీ పట్టుబట్టింది. ఎఫ్‌ఏఏ వేసిన ఇంజనీర్ల బృందం వెతికేకొద్దీ, రడ్డర్ మొరాయించే దారులు ఇంకా చాలా బయటపడ్డాయి. 2000లో బోయింగ్ రడ్డర్ వ్యవస్థను కొత్తగా రూపొందించడానికి ఒప్పుకుంది. 2002లో ఎఫ్‌ఏఏ దాన్ని తప్పనిసరి చేసి ఆరేళ్ల గడువిచ్చింది, అంటే 2008 దాకా. ఈలోగా జరిగిన చౌక పనులే ఎక్కువ మేలు చేసి ఉంటాయని నా అనుమానం. కొన్ని సంస్థలు 737లను దిగేటప్పుడు నడిపే కనీస వేగాన్ని 10 నాట్లు పెంచాయి. తలకిందులైన విమానాన్ని నిలబెట్టడం ఎలాగో సిమ్యులేటర్లలో నేర్పడం మొదలైంది. బ్లాక్ బాక్సుల్లో రడ్డర్, పెడల్ స్థానాలు సహా ఎన్నో సంగతులు నమోదు కావాలని 1997లో నిబంధన వచ్చింది. 427 ప్రయాణికుల కుటుంబాలు తమవాళ్ల పేరు జాబితాలో ఉందో లేదో తెలుసుకోవడానికే గంటల తరబడి ఫోన్ల దగ్గర కూర్చున్నాయి; ఆ కుటుంబాల పోరాటమూ కలిసి 1996లో అమెరికా చట్టం చేసింది, విమాన ప్రమాద బాధితుల బంధువుల బాధ్యతను ఎన్‌టీఎస్‌బీకి అప్పగిస్తూ.

737 రడ్డర్ మళ్లీ వార్తల్లోకి వచ్చింది 2024 ఫిబ్రవరి 6న, న్యూఆర్క్‌లో. యునైటెడ్‌కు చెందిన 737 మ్యాక్స్ రన్‌వే మీద దిగి పరుగెడుతుండగా కెప్టెన్‌కు రడ్డర్ పెడల్స్ కదల్లేదు. ముందు చక్రాన్ని తిప్పే పిడితో దారిలో పెట్టాడు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇది పాత వాల్వు కాదు. పొగమంచులో దానంతట అదే దిగడానికి తోడ్పడే ఒక చిన్న భాగంలో బేరింగు తప్పుగా బిగించారు. అందులోకి తేమ చేరి చలికి గడ్డకట్టింది. సెప్టెంబరుకల్లా ఎన్‌టీఎస్‌బీ అత్యవసర హెచ్చరిక ఇచ్చింది. ఇరుక్కున్న పెడల్‌ను పైలట్ బలమంతా పెట్టి తొక్కితే అది హఠాత్తుగా వదిలి, రడ్డర్ అవసరానికి మించి తిరిగే ప్రమాదం ఉందని అందులో ప్రత్యేకంగా రాసింది. అక్టోబరులో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా భారత్‌లో 737లు నడిపే సంస్థలకు, ఆ భాగం ఉన్న విమానాలతో తక్కువ వెలుతురులో ఆటోమేటిక్ ల్యాండింగ్‌లు ఆపమని సూచించింది. పెడల్ ఇరుక్కున్న రోజు నుంచి ఢిల్లీలో ఆ కాగితం వెలువడేదాకా ఎనిమిది నెలలు పట్టింది. విమానం చెక్కుచెదరకుండా గేటు దగ్గరికి వచ్చింది, పెడల్ కదల్లేదన్న సంగతి రికార్డర్‌లోనే ఉంది.